ఏడు కిలోమీటర్ల దూరంలో ఆగిన మేనమామ

ఒక మనిషి ఒకే ఉదయం కన్నతల్లినీ, తోడబుట్టిన చెల్లెలినీ, పంతులుగారు పెట్టిన ముహూర్తాన్నీ, చివరికి తన సొంత కారునూ ఏడిపించగలడా అని మీకెప్పుడైనా సందేహం వచ్చిందా? వచ్చి ఉండదు. మీరు మర్యాదస్తులు. నేను మాత్రం ఐదేళ్ల కిందట ఆ నాలుగు పనులూ పదకొండు గంటల లోపే పూర్తి చేశాను. కారు ఏడవడమేమిటని అడగకండి. దారి పొడవునా అది కీచుకీచుమని ఏడుస్తూనే ఉంది. నేనే పట్టించుకోలేదు.

నేను నెల్లూరులో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెబుతాను. ఈ ముక్క ముందే చెప్పేయడం మంచిది. విద్యుత్తు పాఠం నేను చెబితే వెనక బెంచీ వాళ్లు కూడా నిద్ర లేస్తారని నాకు పేరుండేది. అలాంటి నేను ఎలక్ట్రిక్ కారు కొన్నాక ఊరుకుంటానా? నెల రోజులు నెల్లూరులో నా ఉపన్యాసం వినని మనిషి లేడు. పెట్రోలు బంకు దగ్గర క్యూలో నిలబడ్డవాళ్లను చూస్తే ఆగి మరీ జాలిపడేవాణ్ని. మా పాలాయన్ని నిలబెట్టి మోటారు పనిచేసే విధానం చెప్పాను. మర్నాటి నుంచి ఆయన పాలు గేటు దగ్గరే పెట్టి వెళ్లిపోవడం మొదలుపెట్టాడు.

ఆ రోజుల్లోనే మా చెల్లెలు సుజాత కూతురు లాస్యకి చెవులు కుట్టించాలని ముహూర్తం పెట్టారు. చెల్లెల్ని ఇచ్చింది ముత్తుకూరు దాటి సముద్రం వైపు వెళితే వచ్చే ఒక చిన్న ఊరికి. మా బావ శీనయ్య రొయ్యల గుంటలు సాగు చేస్తాడు. చెవులు కుట్టేటప్పుడు పిల్లను మేనమామ ఒళ్లో కూర్చోబెట్టుకోవాలని మీకు తెలుసు. ఆ పిల్లకు మేనమామను నేనొక్కణ్నే. మా నాన్న పోయి అప్పటికి మూడేళ్లయింది. సుజాతకి పుట్టింటి తరఫున మిగిలిందల్లా మా అమ్మ, నేను.

అసలు సంగతి ఇంకోటుంది. లాస్య బారసాలకు నేను కాలేజీ పరీక్షల్లో ఇరుక్కుని వెళ్లలేదు. అన్నప్రాసనకు వెళ్లాను గానీ, వెళ్లేసరికి విస్తళ్లు ఎత్తేస్తున్నారు. అందుకని సుజాత ఈసారి ఫోన్లో గొంతు తగ్గించి మాట్లాడింది. అది గట్టిగా అరిస్తే నాకు భయం లేదు, గొంతు తగ్గిస్తేనే భయం.

"అన్నా, రెండుసార్లు మా అత్తకి నీ తరఫున నేనే సర్దిచెప్పుకున్నా. ఈసారి నా దగ్గర చెప్పేదానికి ఏమీ లేదు. పదీ నలభైకి ముహూర్తం. నువ్వు రాకుంటే పాపను ఒళ్లో పెట్టుకునేదానికి వాళ్ల వైపు మనిషిని కూర్చోబెడతామంటున్నారు. నాకు అన్న ఉండీ లేనట్టేనా?"

"పిచ్చిదానా, ఇప్పుడు నాకు కారుండాది. తొమ్మిదిన్నరకల్లా మీ వాకిట్లో ఉంటా" అన్నాను.

పక్కనుంచి బావ గొంతు వినబడింది. "బావా, ఆ కరెంటు బండి ఎందుకులే. మీ ఊళ్లో ఆత్మకూరు బస్టాండు కాడ ఆటో మాట్లాడుకోని వచ్చెయ్."

ఆ మాట నన్ను ఎక్కడ తాకాలో అక్కడ తాకింది. చచ్చినా ఆటో ఎక్కకూడదని అప్పుడే తీర్మానించుకున్నాను.

ముందురోజు సాయంత్రం కారు కడిగాను. మేనమామ సారె తీసుకెళ్లే బండి గదా, అమ్మ గిన్నెలో పసుపు కలిపి, కుంకుమ భరిణె ఇచ్చి, "ముఖ్యమైన చోట్లన్నీ బొట్లు పెట్టు నాయనా" అంది. మామూలు మనిషయితే బానెట్ మీద మూడు, చక్రాలకు నాలుగు పెట్టి చేతులు కడుక్కునేవాడు. నేను ఫిజిక్సు మనిషిని. ఆలోచించాను. బానెట్ కింద ఇంజనే లేని బండికి బానెట్ మీద బొట్టు పెట్టడంలో అర్థమేముంది? ఈ బండికి ప్రాణం ఎక్కడుంది? చార్జింగ్ పెట్టే చోట ఉంది. కాబట్టి ఆ మూత తెరిచి, లోపలున్న ప్రతి కన్నానికీ చిటికెన వేలితో చక్కగా, ఓపిగ్గా, ముద్దగా పసుపు పెట్టి, మీద కుంకుమ అద్దాను. అమ్మ చూసి మురిసిపోయింది. నేనూ మురిసిపోయాను. చదువుకున్నవాడి భక్తి వేరుగా ఉంటుందని నాకు నేనే చెప్పుకున్నాను.

తర్వాత అందులోనే చార్జింగ్ ప్లగ్గు దూర్చాను. కొంచెం మెత్తగా దిగింది. గోడ మీద పెట్టెలో ఎర్రలైటు వెలిగింది. మా ఇంట్లో టార్చిలైటు, దోమల బ్యాటు, అమ్మ పాత ఫోను, అన్నిటికీ చార్జింగ్ ఎక్కుతుంటే ఎర్రలైటే వెలుగుతుంది. ఎర్రలైటు చూసి సంతృప్తిగా పడుకున్నాను. కారుతో పాటు ఇచ్చిన పుస్తకంలో ఎర్రలైటు గురించి ఏం రాశారో చదివి ఉంటే ఈ కథ మీకు దక్కేది కాదు.

పొద్దున్నే హడావిడి. సారె సామానంతా ముందు సీట్లో పెట్టాను. అరటిగెల, అరిసెల డబ్బా, మలైకాజా డబ్బా, పట్టుపావడా పెట్టిన ఇత్తడి పళ్లెం. అమ్మ వెనక కూర్చుంది. స్టీరింగ్ ముందున్న తెర మీద, చార్జింగ్ ఎంతుందో చూపించే చోట, ఆ వారమే అమ్మ వెంకటేశ్వరస్వామి పటం అంటించింది. తీయమని నేను అడగలేదు. అడిగే ధైర్యం మా నాన్నకే ఉండేది కాదు.

అన్నీ సర్దుకుని బయలుదేరేసరికే తొమ్మిది దాటింది. బయలుదేరగానే కీచుకీచుమని మొదలైంది.

"ఏందిరా అది, కోడిపిల్ల మాదిరి కూస్తా ఉండాది?" అంది అమ్మ.

"ముందు సీట్లో బరువుండాది గదమ్మా. మనిషి కూర్చున్నాడనుకోని బెల్టు పెట్టుకోమంటా ఉంది."

"అయితే అరటిగెలకి బెల్టు పెట్టు."

పెట్టాను. నిజంగానే పెట్టాను. ఒక కూత ఆగింది, ఇంకో రకం కూత మొదలైంది. అరిసెల డబ్బాకి కూడా బెల్టు అడుగుతోందని సరిపెట్టుకుని పాటలు పెట్టాను. అమ్మ కిటికీలోంచి చూస్తూ, ఈ దారిలో నాన్న స్కూటర్ మీద నన్నూ సుజాతనూ కృష్ణపట్నం సముద్రానికి తీసుకెళ్లిన సంగతులు చెప్పడం మొదలుపెట్టింది. సుజాత ముందు నిలబడేది. నేను వెనక అమ్మకీ నాన్నకీ మధ్య నలిగి కూర్చునేవాణ్ని. ఆ స్కూటర్ ఎన్నిసార్లు ఆగిపోయేదో లెక్కలేదు. నాన్న దాన్ని ఒక పక్కకి వంచి, రెండు తన్నులు తన్ని, మళ్లీ ఎక్కించుకునేవాడు. అమ్మ అవి చెబుతుంటే నేను నవ్వుతూ, "ఈ బండికి వంచేదీ లేదు, తన్నేదీ లేదమ్మా" అన్నాను.

ముత్తుకూరు దాటాక కారు మెల్లగా నడవడం మొదలుపెట్టింది. పటం పక్కన మిగిలిన ఖాళీలో ఒక చిన్న బొమ్మ వెలిగింది.

"రేయ్, తాబేలు బొమ్మ వచ్చింది" అంది అమ్మ ముందుకు వంగి.

చూశాను. నిజంగానే తాబేలు. పసుపుపచ్చగా, ముద్దుగా ఉంది.

"స్వామి పటం పక్కనే కూర్మావతారం కనబడింది. శుభం నాయనా" అని అమ్మ చెంపలు వేసుకుంది. కారు ఎవరిదైనా దేవుడు దేవుడే గదా అని నేనూ వేసుకున్నాను. చార్జింగ్ అడుగంటినప్పుడు ఆ తాబేలు వెలుగుతుందని మెకానిక్ తర్వాత చెప్పాడు. చెప్పేటప్పుడు అతను నా ముఖం చూడకుండా గోడకేసి చూశాడు.

అవతారం ప్రత్యక్షమైన రెండు నిమిషాలకు కారు ఆగిపోయింది. ఏసీ ఆగింది, పాటలు ఆగాయి, కూతలూ ఆగాయి. ఎక్కడ ఆగిందో చెప్పమంటారా? థర్మల్ కేంద్రం పొగగొట్టాలు కళ్లెదుట కనబడే చోట. నెత్తిమీద హైటెన్షన్ తీగలు జుయ్యిమంటున్నాయి. రాష్ట్రమంతా ఫ్యాన్లు తిరిగే కరెంటు నా తలమీదుగా పోతోంది. నా దగ్గర ఒక చుక్క లేదు. టైము పది గంటల ఐదు నిమిషాలు. చెల్లెలి ఊరు ఏడు కిలోమీటర్లు.

ముందుగా చేపల గంప కట్టుకున్న మోపెడ్ మీద ఒకాయన ఆగాడు.

"పెట్రోలు అయిపోయిందా అన్నా? సీసాలో అరలీటరు ఉండాది, పోస్తా."

"ఇది పెట్రోలు బండి కాదు."

"డీజిలా? డీజిలు లేదే."

"డీజిలూ కాదన్నా. కరెంటు."

ఆయన తలెత్తి తీగల వైపు, తల దించి నా వైపు చూశాడు. ఆ చూపే నన్ను ఎక్కువ బాధించింది. "సరే, యాడికి పోవాల? ఎక్కు, దించేస్తా" అన్నాడు.

ఇక్కడ మీరు నన్ను తిట్టుకోవచ్చు, నాకేమీ అభ్యంతరం లేదు. పట్టుపంచె కట్టుకుని, చేపల గంప పక్కన కూర్చుని, బావ వాకిట్లో దిగడమా? "వద్దులే అన్నా, చిన్న లూజు కనెక్షన్. రెండు నిమిషాల్లో సరిచేస్తా" అన్నాను. ఆయన వెళ్లిపోయాడు. తర్వాత వచ్చిన షేర్ ఆటోను కూడా అలాగే పంపేశాను. ఆటోలోనే వెళితే బావ మాట నెగ్గినట్టవుతుంది గదా.

అమ్మ కారు దిగి కొంగు నెత్తిన కప్పుకుంది. "రేయ్, నీ చెల్లెలు ఆడ గుమ్మంలో నిలబడి ఉంటాది" అంది. కొంగు చివరతో కళ్లు తుడుచుకుంది.

రోడ్డుకు కుడివైపున రొయ్యల గుంటలు, గట్టు మీద ఒక రేకుల షెడ్డు కనబడ్డాయి. షెడ్డులో మోటారు ఉంటుంది. మోటారుంటే ప్లగ్గు ఉంటుంది. నా ప్రాణం లేచొచ్చింది. గుంట కాపలా చూసే పెంచలయ్యను పిలిచి సంగతి చెప్పాను. ఆయన, మేత వేసే ఇద్దరు మనుషులు, నేను కలిసి కారును గట్టు మీదకి తోశాం. పట్టుపంచె ఎగ్గట్టి కారు తోసే ఫిజిక్సు లెక్చరర్ని చూసి గుంటల మీది కొంగలు కూడా కాస్త దూరం జరిగాయి. షెడ్డు చేరేసరికి పదీ ఇరవై.

నేను డిక్కీలోంచి వైరు తీసి, పెంచలయ్య చూపించిన పెద్ద ప్లగ్గుకు పెట్టి, గర్వంగా చార్జింగ్ మూత తెరిచాను.

పెంచలయ్య వంగి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఏంది సార్, దీని నోట్లో పసుపు కూరినారు?"

ఎర్రలైటు, కీచుకూతలు, తాబేలు, అన్నీ వరసగా కళ్ల ముందు నిలబడ్డాయి. రాత్రంతా ఆ కారు నోట్లో ముద్ద పెట్టుకుని ఆకలితో నిలబడింది.

"మా గుంటల్లో మోటారుకి గూడా బొట్టు పెడతాం సార్. పైన పెడతాం" అన్నాడు పెంచలయ్య, నొప్పించకూడదని జాగ్రత్తగా. "సార్ ఏం పని చేస్తారు?"

"ఫిజిక్సు చెబుతాడు నాయనా. కరెంటు పాఠం బాగా చెబుతాడంట" అంది అమ్మ.

అగ్గిపుల్లలకు పాత బట్ట చుట్టి, ఒక్కో కన్నం తుడుస్తూ కూర్చున్నాం. ఎండిన పసుపు అంత తేలిగ్గా వదిలిపోదు. అన్నీ తుడిచి ప్లగ్గు పెట్టేసరికి పదిన్నర. ఈసారి ఆకుపచ్చ లైటు వెలిగింది. అది చూశాకే నాకు లెక్క గుర్తొచ్చింది. ఈ ప్లగ్గుతో ఏడు కిలోమీటర్లకు సరిపడా ఎక్కాలంటే, తక్కువలో తక్కువ అరగంట. ముహూర్తానికి పది నిమిషాలు. రోడ్డు మీద కనుచూపు మేరలో బండి లేదు. పెంచలయ్యకీ బండి లేదు, పనికి నడిచి వచ్చే మనిషి. పంపేసిన మోపెడ్డు, పంపేసిన ఆటో ఆ క్షణంలో నాకెంత అందంగా గుర్తొచ్చాయో చెప్పలేను.

ఫోన్ చేశాను. సుజాతే ఎత్తింది. వెనక జనం మాటలు వినబడుతున్నాయి.

"యాడ ఉండావన్నా?"

"ఇక్కడే. దగ్గర్లోనే. ఏడు కిలోమీటర్లు. కారు ఆగిపోయిందిమ్మా."

ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినబడింది. నా మీద నాకు అంత అసహ్యం ఎప్పుడూ వేయలేదు. చిన్నప్పుడు స్కూటర్ ఆగిపోయినప్పుడల్లా ఏడుపు మొహం పెట్టేది సుజాతే. "ఏం కాదులే, నేనుండాగా" అని దాని చెయ్యి పట్టుకుని నిలబడేది నేనే.

"సుజాతా, నా కోసం చూడబాక. వాళ్లు చెప్పినట్టే చేసెయ్. తప్పు నాది" అన్నాను.

"నువ్వు మాట్లాడబాక" అంది సుజాత. "అమ్మ నీతోనే ఉందా? మీరు యాడ ఆగినారు, అది చెప్పు."

"థర్మల్ తీగల కింద, రొయ్యల గుంటల షెడ్డు దగ్గర."

ఫోన్ పెట్టేసింది.

పదీ ముప్పై తొమ్మిదికి, దుమ్ము లేపుకుంటూ, రొయ్యలు తోలే మా బావ ట్రాలీ బండి గట్టు మీదకి వచ్చింది. ముందు సీట్లో చెవులు కుట్టే ఆచారిగారు తన సామాను సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. వెనక ట్రాలీలో చాప వేసుకుని సుజాత, దాని ఒళ్లో లాస్య, పక్కన సుజాత అత్తగారు. ఇంకో పదిమంది చుట్టాలు రొయ్యల ట్రేలు పట్టుకుని నిలబడ్డారు. బావ ఆ ఏడు కిలోమీటర్లు ఎంత వేగంగా తోలాడో ఆచారిగారి ముఖం చూస్తే తెలిసింది.

నేను ఆ అత్తగారికే భయపడ్డాను. ఆమె దిగింది. నన్ను చూసింది, మోకాళ్ల దాకా బురదైన నా పట్టుపంచె చూసింది, పసుపైన నా పది వేళ్లూ చూసింది. "మేనమామ ఒళ్లో కుట్టాలన్నారు గానీ, ఆ మేనమామ యాడ కూర్చోవాలని యాడా రాసి లేదులే. కూర్చో నాయనా, టైమైతా ఉండాది" అంది.

రొయ్యల మేత బస్తా మీద దుప్పటి పరిచారు. నేను కూర్చున్నాను. సుజాత లాస్యను నా ఒళ్లో పెట్టి, నా భుజం మీద చెయ్యి వేసి నిలబడింది. "ఏం కాదులేన్నా, నేనుండాగా" అంది మెల్లగా. గుంటల్లో రొయ్యలకు గాలి అందించే చక్రాలు నీళ్లు చిమ్ముతూ తిరుగుతున్నాయి, ఆ చప్పుడే మాకు మేళం. ఆచారిగారు దణ్ణం పెట్టుకుని, కుడి చెవి కుట్టారు. లాస్య కెవ్వుమంది. ఎడమ చెవి కుట్టారు. అమ్మ వెంటనే దాని నోట్లో మలైకాజా ముక్క పెట్టింది. పిల్ల ఏడుపు టక్కున ఆగింది.

అయినా షెడ్డులో ఏడుపు వినబడుతూనే ఉంది.

బావ ఫోన్ ఎత్తి పట్టుకుని కాసేపు ఓపిక పట్టాడు. "బావా, పాప ఏడుపు ఆపేసి శానాసేపయింది. నువ్వు గూడా ఆపితే ఒక ఫొటో తీసుకుంటాం" అన్నాడు.

ఆ ఫొటో ఇప్పటికీ మా ఇద్దరి ఇళ్లలోనూ ఉంది. అందులో బంగారు పోగులతో నవ్వుతున్నది లాస్య. రొయ్యల మేత బస్తా మీద కూర్చుని, సూది ఎవరికి గుచ్చారో తెలియకుండా ముఖం పెట్టుకున్నది నేను.

ఇక ఆ దెబ్బతో నేను చేసిన ఒక ప్రమాణం సంగతి. పోయిన నెల చెల్లెలి ఊరు వెళ్లాను. కారులోనే వెళ్లాను, కారుది తప్పేముంది? లాస్య ఇప్పుడు ఒకటో తరగతి. దాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, కుడిచెయ్యి ఎత్తి, అందరూ వినేలా చెప్పాను. "లాస్యా, నీ పెళ్లిలో నిన్ను గంపలో కూర్చోబెట్టి పందిట్లోకి ఎత్తుకొచ్చేది ఈ మేనమామే. ఆ ముహూర్తానికి వారం ముందే, ఏ బండీ ఎక్కకుండా, నెల్లూరు నుంచి నడిచి వస్తాను. పంచభూతాల సాక్షిగా చెబుతున్నాను, ఇంకెప్పుడూ నీ శుభకార్యానికి ఆలస్యంగా రాను."

అది నా మాటలు శ్రద్ధగా వింది. నా చెయ్యి మెల్లగా కిందికి దించింది.

"నువ్వేం కంగారు పడబాక మామా. నువ్వు యాడ ఆగిపోయినా ఫోన్ చెయ్యి. గంపను, పెళ్లికొడుకును ఎత్తుకోని మేమే ఆడికి వచ్చేస్తాం."